బడికి వంద గజాలు, ఇంటికి పది అడుగులు: అండమాన్‌లో పొగాకు దుకాణం ఎవరి పిల్లలకు దగ్గర?

విద్యాసంస్థకు వంద గజాల లోపు పొగాకు ఉత్పత్తులు అమ్మరాదని 2003 నాటి కేంద్ర చట్టం చెబుతోంది. ఆ దూరాన్ని బడి ప్రహరీ లేదా కంచె వెలుపలి అంచు నుంచి అన్ని దిక్కులకూ వృత్తంలా కొలవాలని 2009 నాటి నిబంధనలు వివరించాయి. వంద గజాలంటే దాదాపు 91 మీటర్లు. పిల్లల నడకకు నిమిషం పైచిలుకు. ఆ నిమిషానికి ముందు ఆ విద్యార్థి ఏయే వీధుల మీదుగా వచ్చాడో, ఎన్ని బడ్డీ కొట్లు దాటాడో చట్టానికి అక్కర్లేదు.

అండమాన్ నికోబార్ దీవుల రాజధానిలో ఒకే ఉన్నత పాఠశాలకు వచ్చే ఇద్దరు విద్యార్థులను ఉదాహరణగా తీసుకుందాం. ఒకరు ప్రభుత్వ ఉద్యోగుల క్వార్టర్స్‌లో ఉంటారు. తండ్రి స్కూటర్ మీద తెచ్చి గేటు దగ్గర దింపుతారు. రెండోవారి ఇల్లు జంగ్లీఘాట్ వంటి చేపల రేవును ఆనుకున్న ఇరుకు వాడలో ఉంది. వాకిలి దాటగానే ఒక కొట్టు. మలుపులో టీ బంకు. జెట్టీ రోడ్డు మీద పాన్ షాపులు. బడి కిలోమీటరు దూరంలో ఉందనుకుంటే, ఆ నడకలో పదింట తొమ్మిది వంతులు చట్టం గీసిన వృత్తానికి వెలుపలే. బడి గేటు లోపల ఇద్దరికీ ఒకే రక్షణ. తేడా అంతా గేటు బయట ఉంది.

పొగాకు మీద జరిగే చర్చ సాధారణంగా అలవాటు చుట్టూ, సంకల్పబలం చుట్టూ తిరుగుతుంది. కౌమారంలో ఉన్న పిల్లల విషయంలో అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఉంది. పొగాకు ఎవరి కంటికి రోజుకు ఎన్నిసార్లు ఆనుతోంది?

దీవుల్లో పరిస్థితి

ఈ విషయంలో అండమాన్ నికోబార్ దేశ సగటుకు చాలా దూరంగా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పదిహేనేళ్లు పైబడిన పురుషుల్లో ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవారు దేశం మొత్తం మీద 38 శాతం ఉంటే ఇక్కడ దాదాపు 59 శాతం. మహిళల్లో తేడా ఇంకా ఎక్కువ. దేశంలో దాదాపు 9 శాతం, దీవుల్లో 31 శాతం.

దీనికి ముందే, 2012లో, పోర్ట్ బ్లెయిర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఇతర సంస్థల పరిశోధకులతో కలిసి చేసిన విస్తృత అధ్యయనం వెలువడింది. 18,018 మందిని ప్రశ్నిస్తే వారిలో 48.9 శాతం మంది పొగాకు వాడుతున్నట్లు తేలింది. పొగ తాగేవారి కంటే నమిలేవారే చాలా ఎక్కువ. వాడకందారుల్లో నాలుగింట మూడు వంతుల మంది 21 ఏళ్లు నిండక ముందే మొదలుపెట్టారు. తక్కువ చదువు, సామాజిక వర్గం, మద్యం అలవాటు ఈ వ్యసనంతో ముడిపడి కనిపించాయి.

ఆ నాలుగింట మూడు వంతుల లెక్క దగ్గర కాస్త ఆగాలి. పెద్దల అలవాటుగా గణాంకాల్లోకి ఎక్కేది నిజానికి చిన్నతనంలో మొదలైన అలవాటు. ఇరవై ఒక్క ఏళ్ల లోపు అంటే బడి, కళాశాల, లేదా బడి మానేసి పడవ మీదకో కూలిపనికో వెళ్లే తొలి సంవత్సరాలు. ఆ వయసులో సరకు ఎంత చేరువలో ఉందన్నది చిన్న విషయం కాదు.

దేశవ్యాప్తంగా 13-15 ఏళ్ల విద్యార్థులపై 2019లో జరిగిన ప్రపంచ యువత పొగాకు సర్వే దుకాణం పాత్రను సూటిగానే చూపింది. ఆ వయసులో సిగరెట్ తాగుతున్నవారిలో 69 శాతం, బీడీ తాగుతున్నవారిలో 78 శాతం మంది దాన్ని దుకాణంలోనో, పాన్ షాపులోనో, వీధి వ్యాపారి దగ్గరో కొనుక్కున్నామని చెప్పారు. పద్దెనిమిదేళ్ల లోపు వారికి అమ్మడం నేరమని చట్టం వచ్చి అప్పటికి పదహారేళ్లు.

దుకాణాల దూరాన్ని కొలిచినప్పుడు

పేద పిల్లలకు పొగాకు దుకాణాలు ఎక్కువగా ఎదురవుతాయనేది వినడానికి ఊహలా ఉంటుంది. దాన్ని కొలిచినవారు ఉన్నారు. స్కాట్లాండ్‌లో పరిశోధకులు పది పదకొండేళ్ల పిల్లల నడుములకు జీపీఎస్ పరికరాలు కట్టి, వారు వారమంతా తిరిగిన దారులను పొగాకు అమ్మే దుకాణాల పటంతో సరిచూశారు. 2019లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం, అత్యంత పేద ప్రాంతాల పిల్లలు సంపన్న ప్రాంతాల పిల్లల కంటే ఏడు రెట్లు ఎక్కువసార్లు పొగాకు దుకాణాలకు ఎదురయ్యారు. వాటి సమీపంలో గడిపిన సమయం ఆరు రెట్లు ఎక్కువ. ఆ దుకాణాల్లో అధిక భాగం పాలు, రొట్టె, పత్రికలు అమ్మే మామూలు వీధి కొట్లే. పొగాకు కోసం వెళ్లనవసరం లేదు, రొట్టె కోసం వెళ్లినా అది అక్కడే ఉంటుంది. ఎదురుపడటం ఎక్కువైన వేళలు కూడా బడికి వెళ్లే ముందు, బడి విడిచిన తరువాత.

స్కాట్లాండ్‌లో సిగరెట్లను గల్లా వెనుక మూసిన అరల్లో దాచాలి. మన దగ్గర ఖైనీ, జర్దా పొట్లాలు కొట్టు ముందు తోరణాల్లా వేలాడతాయి. పక్కన షాంపూ పొట్లాలు, కింద చాక్లెట్ డబ్బాలు. వాలంటరీ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా, కన్స్యూమర్ వాయిస్ సంస్థలు 20 నగరాల్లో బడుల పరిసరాల కొట్లను పరిశీలించినప్పుడు, పొగాకు ప్రదర్శనల్లో దాదాపు పదింట తొమ్మిది మీటరు ఎత్తులో, మిఠాయిలు, బొమ్మల పక్కనే ఉన్నట్లు గుర్తించాయి. మీటరు ఎత్తు పిల్లల కంటి ఎత్తు.

ముంబయిలో 26 బడుల విద్యార్థులపై జరిగి 2015లో ప్రచురితమైన మరో అధ్యయనం మన చట్టానికి నేరుగా వర్తించే విషయం చెప్పింది. బడి చుట్టూ కొట్ల సాంద్రత బాగా ఎక్కువగా ఉన్న చోట పిల్లల్లో పొగాకు వాడకం ఎక్కువగా ఉంది. ఆ సంబంధం వంద మీటర్ల దగ్గర ఆగిపోలేదు, రెండు మూడు వందల మీటర్ల పరిధిలోనూ కనిపించింది.

రేవు పక్క బతుకు

అండమాన్‌లో ఈ దూరాల లెక్కకు మరో మెలిక ఉంది. దీవుల్లోని ఊళ్లు చాలా వరకు రేవు చుట్టూ పెరిగాయి. హట్ బే కావచ్చు, మాయాబందర్ కావచ్చు, జెట్టీకి దారితీసే రోడ్డు మీదే బజారు, ఆ బజారుకు కూతవేటు దూరంలోనే జనావాసం. పడవ ఎప్పుడొస్తుందో తెలియక ఎదురుచూసే ప్రయాణికులు, సరకు దించే కూలీలు, తెల్లవారుజామున వేటకు బయలుదేరే మత్స్యకారులు. వీరే అక్కడి చిన్న కొట్లకు ఆధారం. బీడీ, ఖైనీ, సిగరెట్ లేని కొట్టు అటువంటి చోట నిలవడం కష్టం.

అమ్మేవారి వైపు నుంచి చూసినా కారణం అర్థమవుతుంది. దీవులకు సరకు వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి రావాలి. ఓడ ఆలస్యమైతే కూరగాయలు కుళ్లుతాయి, పాలు విరుగుతాయి. పొగాకు పొట్లానికి ఆ భయం లేదు. బరువు తక్కువ, చోటు తక్కువ, అమ్ముడుపోతుందన్న నమ్మకం ఎక్కువ. రేవు వాడలో తక్కువ పెట్టుబడితో కొట్టు పెట్టుకున్న కుటుంబానికి ఇంతకంటే భద్రమైన సరకు దొరకదు. ఉద్యోగుల క్వార్టర్స్ మధ్య అటువంటి కొట్టు సాధారణంగా వెలవదు. అక్కడ ఇంటి ముందు గది కొట్టుగా మార్చుకునే అవసరమూ, అనుమతీ రెండూ ఉండవు. సంపన్నుల వీధికి నిశ్శబ్దం వచ్చేది పొగాకు చట్టం వల్ల కాదని గుర్తుంచుకోవాలి.

ఈ రేవు వాడల్లో తెలుగు వినిపించడం సహజం. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభా 3.8 లక్షలు. అందులో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత స్థానం తెలుగుదే. వీరిలో ఎక్కువ మంది మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల తీరంలో ఉన్నాయి. విశాఖ నుంచి ఓడ ఎక్కి వచ్చి చేపల వేటలో, నిర్మాణ పనుల్లో స్థిరపడిన కుటుంబాలవి.

ఆ తీరానికి పొగాకుతో పాత పరిచయం ఉంది. చుట్టను నిప్పు ఉన్న కొసతో నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా మహిళల్లో, అక్కడ తరతరాలుగా ఉండేది. దీనివల్ల అంగిట్లో వచ్చే మార్పులపై శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తులను పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం ప్రపంచ వైద్య సాహిత్యంలో నేటికీ ప్రస్తావనకు వస్తుంది. అడ్డపొగ కొత్త తరాల్లో సన్నగిల్లింది. అయితే అవ్వ చుట్ట ముట్టించడం, తాత చుట్ట చుట్టుకోవడం చూస్తూ పెరిగిన ఇళ్లలో పొగాకుకు చాటు ఉండదు. అది బియ్యం, ఉప్పులాగే ఇంటి సరకు.

నాన్నకు బీడీ కట్ట

పిల్లలను దుకాణం దగ్గరకు నడిపించేవారిలో ఇంటి పెద్దలే ముందుంటారు. వేట నుంచి వచ్చి వల బాగుచేసుకుంటున్న తండ్రి, కొడుకును కేక వేసి పది రూపాయలిచ్చి బీడీ కట్ట తెమ్మంటాడు. కొట్టు యజమాని ఆ కుర్రవాడిని పుట్టినప్పటి నుంచి ఎరుగును. బీడీ ఎవరికో అతనికి తెలుసు. అమ్మడానికి సందేహించడు. ఎవరూ దీన్ని తప్పుగా భావించరు.

చట్టం మాత్రం తప్పు అనే అంటుంది. నిషేధం పద్దెనిమిదేళ్ల లోపు వ్యక్తికి అమ్మడం మీద. ఎవరు వాడతారన్నదానితో దానికి సంబంధం లేదు. కొనేవారికి వయసు నిండిందని రుజువు చేసుకునే భారం అమ్మేవారిదే. 2011లో సవరించిన నిబంధనల ప్రకారం మైనర్లు పొగాకు అమ్మకూడదు, దాన్ని చేతులతో ముట్టనూ కూడదు. తల్లి వంటలో ఉన్నప్పుడు ఇంటి ముందు కొట్లో కూర్చునే ఎనిమిదో తరగతి అమ్మాయికి ఈ నిబంధన వర్తిస్తుంది. ఆమె రోజూ సాయంత్రం రెండు గంటలు పొగాకు అరల మధ్యే హోంవర్క్ రాసుకుంటుంది. వంద గజాల లెక్కలో ఆమెను ఎక్కడ చేర్చాలి?

విడిగా అమ్మడం మరో చిక్కు. పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక చిత్రం ఉండాలన్న నిబంధన 2016 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఒక్క సిగరెట్, రెండు బీడీలు కొనేవారి చేతికి పెట్టె రాదు, ఆ చిత్రమూ రాదు. మొత్తం పెట్టె కొనే స్థోమత ఉన్నవారికే హెచ్చరిక అందుతోందన్నమాట. విడి సిగరెట్లు, బీడీల అమ్మకాన్ని మహారాష్ట్ర 2020లో నిషేధించింది. కేంద్రం 2021 ఆరంభంలో అభిప్రాయాల కోసం విడుదల చేసిన సవరణ ముసాయిదాలోనూ ఆ ప్రతిపాదన ఉంది. అమ్మకపు వయసును 21కి పెంచాలన్న ప్రతిపాదన కూడా అందులోదే. ముసాయిదా చట్టం కాలేదు.

దీవుల్లో నమిలే పొగాకే ఎక్కువ కావడం వల్ల సమస్య మరింత కనబడకుండా పోతోంది. సిగరెట్ తాగిన కుర్రవాడిని వాసన పట్టిస్తుంది. దవడ కింద ఖైనీ పెట్టుకున్నవాడు తరగతిలో కూర్చున్నా పక్కవాడికి తెలియకపోవచ్చు. బహిరంగ ధూమపానంపై 2008 అక్టోబరు 2 నుంచి ఉన్న నిషేధం వాడిని తాకదు.

ఎరగా వచ్చిన సరకు

పొగాకు ఈ దీవులకు పరాయిది. మూలవాసుల దగ్గరకు అది మచ్చిక చేసుకునే సాధనంగా చేరింది. 1858లో బ్రిటిష్ వారు శిక్షా స్థావరం నెలకొల్పిన కొద్ది సంవత్సరాలకే గ్రేట్ అండమానీయులను చేరదీయడానికి రాస్ దీవిలో ‘అండమాన్ హోమ్’ ప్రారంభించారు. అక్కడ ఇచ్చే కానుకల్లో, చేయించుకున్న పనికి ప్రతిఫలంలో పొగాకు ఒకటి. వారు దానికి ఎంతగా బానిసలయ్యారో ఆనాటి బ్రిటిష్ అధికారుల రాతల్లోనే ఉంది. ఒకటిన్నర శతాబ్దం గడిచాక జరావాల విషయంలోనూ అదే వినవలసి వచ్చింది. అండమాన్ ట్రంక్ రోడ్డు మీదుగా, వేటగాళ్ల ద్వారా పొగాకు, పాన్ వారి యువతకు చేరుతున్నాయని పరిశోధకులు, పాత్రికేయులు పలుమార్లు రాశారు. దుకాణమే లేని అడవిలోకి సరకు ఇలా మనుషుల చేతుల మీదుగా నడిచి వెళ్లింది. దుకాణాల సంఖ్యతో మాత్రమే ఈ చేరువను కొలవలేమని చెప్పడానికి ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ లేదు.

చట్టం చేతిలో ఉన్న పనిముట్లు

వంద గజాల నిబంధన ఉల్లంఘనకు చట్టంలో ఉన్న గరిష్ఠ జరిమానా 200 రూపాయలు. పేరున్న బ్రాండు ఇరవై సిగరెట్ల పెట్టె ధర అంతకంటే ఎక్కువ. మరోవైపు 2015 నాటి బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం పిల్లలకు పొగాకు ఇవ్వడం ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించదగ్గ నేరం. ఒకే పనికి ఒక చట్టం రెండు వందలు, మరో చట్టం ఏడేళ్లు చెబుతున్నాయి. ఒకటి ఎవరినీ భయపెట్టలేనంత చిన్నది. రెండోది రేవు వాడలో ఇరుగుపొరుగు మీద ప్రయోగించడానికి ఏ పోలీసూ ఇష్టపడనంత పెద్దది.

విద్యాసంస్థల చుట్టూ వంద గజాల మేర పసుపు గీత గీయాలని పొగాకు రహిత విద్యాసంస్థల మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. వీటి అమలు కరదీపికను కేంద్రం 2024 మే 31న విడుదల చేసింది. గీత ఉపయోగకరమే. ఎక్కడ అమ్మకూడదో అందరికీ కనబడుతుంది. ఆ గీతకు అవతల ఎన్ని కొట్లు ఉండవచ్చన్న ప్రశ్నకు మాత్రం అది జవాబివ్వదు.

ఆ ప్రశ్నకు జవాబు లైసెన్సులో ఉంది. పొగాకు అమ్మేవారికి స్థానిక సంస్థల ద్వారా అనుమతి తప్పనిసరి చేయాలనీ, అనుమతి పొందిన కొట్లో బిస్కెట్లు, చిప్స్, చాక్లెట్లు అమ్మనీయరాదనీ కేంద్ర ఆరోగ్య శాఖ 2017 సెప్టెంబరులో రాష్ట్రాలకు లేఖ రాసింది. కొన్ని నగరాలు ఆచరించాయి. చిన్న వ్యాపారుల సంఘాలు వ్యతిరేకించాయి, వారి వాదన తోసిపుచ్చదగింది కాదు. పొగాకు ఒక్కటే అమ్మితే బతకలేరు, పొగాకు మానేస్తే మిగతా సరకు కోసం వచ్చేవారు తగ్గుతారు. పిల్లలను కాపాడే నిబంధన ఆ పిల్లల ఇంట్లోనే పొయ్యి ఆర్పే ప్రమాదం పేద వాడల్లో నిజంగానే ఉంది.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరం దీనికి ఒక దారి వెతికింది. నగరంలోని 11 విభాగాల్లో ఒక్కొక్క దానికి 45 పొగాకు అనుమతులే పరిమితిగా 2015 నుంచి అమలు చేసింది. అప్పటికే అమ్ముతున్నవారి అనుమతి తీసివేయలేదు. వ్యాపారం మానేసినవారి స్థానంలో కొత్తవారికి ఇవ్వకుండా, కొట్లు కిక్కిరిసిన పేద విభాగాల్లో సంఖ్య తనంతట తాను తగ్గేలా చూసింది. ఫిలడెల్ఫియా 2017లో జనాభా ప్రాతిపదికన ఇటువంటి పరిమితినే పెట్టింది. వీధిని చూసి లెక్కించే నియమం ఇది. బడి చుట్టూ గీసిన వృత్తం చేయలేని పని.

అండమాన్‌లో ఇటువంటిది అసాధ్యమేమీ కాదు. సరకంతా లెక్కపెట్టదగిన ఓడరేవుల గుండానే వస్తుంది. టోకు వ్యాపారి ఎవరో, ఏ దీవికి ఎంత పంపుతున్నారో తెలుసుకోవడం ప్రధాన భూభాగంలో కంటే ఇక్కడ తేలిక. పైగా గిరిజన ప్రాంతాల్లో బయటివారు వ్యాపారం చేయాలంటే అనుమతి పత్రం ఉండాలని 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నియమావళి ఎప్పుడో నిర్దేశించింది. అంటే నికోబార్‌లో వ్యాపారానికి లైసెన్సు కొత్త మాట కాదు. అందులో పొగాకును ప్రత్యేకంగా చేర్చడం, మిగతా దీవుల్లో పురపాలక మండలికి, పంచాయతీలకు ఆ అధికారం అప్పగించడం పాలనా యంత్రాంగం తీసుకోవలసిన నిర్ణయాలు.

ఇప్పటికే అలవాటు పడి మానాలనుకునేవారు, వారి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు 1800-112-356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. కేంద్ర ఆరోగ్య శాఖ నడిపే ఈ సహాయ కేంద్రం పలు భారతీయ భాషల్లో సలహాలు ఇస్తుంది. నంబరు ప్రతి సిగరెట్ పెట్టె మీద, ఖైనీ పొట్లం మీద ముద్రించి ఉంటుంది. విడి బీడీ మీద ఉండదు.